కంటి అంచున నారుమడి

తడి సున్నం కంటిలో పడితే ఎంత ప్రమాదమో మనలో చాలామంది ఎరుగరు. పెద్దలు పొగాకుతో కలుపుకొనే సున్నపు పొట్లాన్ని పసివాడు ఆటగా నొక్కుతాడు. అది చిట్లి కంటిలోకి చిమ్ముతుంది. శ్రోతలు ముందుగా ఒక్కటి గుర్తుంచుకోవలె: వెంటనే ధారాళంగా నీళ్ళు పోసి, చాలాసేపు కడిగి, వైద్యుని వద్దకు పరుగెత్తవలె. నూనెచుక్కలు, చనుబాలు వేస్తూ కూర్చుంటే సమయం మించిపోతుంది.

నల్లగుడ్డుమీద అద్దంవలె వుండే కార్నియా పైపొర నిత్యమూ అరుగుతూ, నిత్యమూ కొత్తదవుతూ వుంటుంది. ఆ కొత్త కణాలను పంపేది నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచు. దానిని లింబస్ అంటారు. అక్కడి మూలకణాలే కంటికి నారుమడి. సున్నం ఆ మడినే కాల్చివేస్తే, తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా పాకివచ్చి చూపును కప్పివేస్తుంది. నేత్రదాత ఇచ్చిన కార్నియాను అతికినా అటువంటి కంటిలో నిలువదు. మడి లేదు గదా!

1997లో ఇటలీలో పెల్లెగ్రినీ బృందం ఇద్దరు రోగులకు, వారి మంచి కంటి అంచునుంచి తీసిన కణాలను ప్రయోగశాలలో పెంచి, చెడిన కంటికి అతికింది. మన హైదరాబాదులో, సైబరాబాదు అద్దాల మేడలకు ఇవతల బంజారాహిల్స్‌లో వున్న ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యాలయం 2001 ప్రాంతంలో ఈ మార్గం పట్టింది. ఫలితాలు బాగున్నవి. కాని కణాలు పెంచే శాలకు ధనం కావలె, నిపుణులు కావలె, రోజుల తరబడి వ్యవధి కావలె. మామూలు ఆసుపత్రులకు అవి ఎక్కడివి?

2012లో అక్కడి డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, ఆయన సహచరులు సులువైన పద్ధతి ప్రకటించారు. మంచి కంటి అంచున సుమారు 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, ఎనిమిది పది తునకలు చేస్తారు. చెడిన కార్నియాను శుభ్రపరచి, కాన్పులో మాయతోపాటు వచ్చే పలుచని పొరను దానిపై పరచి, ఫైబ్రిన్ జిగురుతో ఆ తునకలను ఎడమెడంగా నాటుతారు. అన్నీ ఒకే శస్త్రచికిత్సలో. కణాలు కంటిమీదనే పెరుగుతవి; వేరే ప్రయోగశాలతో పనిలేదు. నా దృష్టిలో ఇందులోని గొప్పతనమంతా ఈ పొదుపే.

2016లో 125 మంది ఫలితాలు ప్రకటించారు. వారిలో 60 మంది పిల్లలే. సుమారు ఏడాదిన్నర పరిశీలనలో నూటికి 76 మందికి కంటి ఉపరితలం నిలిచింది. మిగిలిన వారి సంగతి దాచరాదు. అందరికీ ఫలించే వైద్యం కాదిది. పైగా ఒక కన్నయినా బాగుండవలె. రెండూ కాలినవారు బంధువులనుంచో నేత్రదాతలనుంచో నారు తెచ్చుకోవలె. శరీరం దానిని పరాయిదని తోసివేయకుండా దీర్ఘకాలం మందులు వాడవలె.