బిడ్డను కాచే సూదిమందు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



శరీరంలోకి పరాయి పదార్థమేదైనా చొరబడితే, దానిని పట్టుకొనుటకు రక్తంలో యాంటీబాడీలు తయారవుతాయి. వీటి ఆకారము ఇంగ్లీషు 'వై' అక్షరము వంటిది. పై రెండు చేతులతో పట్టుకొని, క్రింది కాడతో తెల్లకణాలను సహాయానికి పిలుస్తాయి. ఒక్కో తాళానికి ఒక్కో చెవి ఉన్నట్లు, ఒక్కో యాంటీబాడీ ఒక్కో రకాన్నే పట్టగలదు.

అయితే ఈ కాపలాదారే ఒక్కొక్కప్పుడు హాని చేస్తాడు. తల్లి రక్తము ఆర్‌హెచ్ నెగటివ్, బిడ్డది పాజిటివ్ అనుకుందాం. కాన్పులో బిడ్డ రక్తము కాస్త తల్లి రక్తంలో కలుస్తుంది. ఆమె శరీరము దానిని పరాయిదిగా ఎంచి యాంటీబాడీలు తయారుచేస్తుంది. మొదటి బిడ్డకు సాధారణంగా ప్రమాదముండదు. తర్వాతి బిడ్డ కూడా పాజిటివ్ అయితే, అవి మాయను దాటి వెళ్ళి ఆ బిడ్డ ఎర్రకణాలను నాశనం చేస్తాయి. బిడ్డ కడుపులోనే పోవచ్చు. పుట్టినా తీవ్రమైన కామెర్లు రావచ్చు. నజర్ తగిలిందని కొందరు, కోడలి నసీబు ఇంతేనని కొందరు అంటారు. ఇందులో ఆ తల్లి తప్పు రవ్వంతైనా లేదు.

1960 దశకంలో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లోను, అమెరికాలోని న్యూయార్కులోను పరిశోధకులు దీనికి ఉపాయము కనిపెట్టారు. హాని చేసే ఆ యాంటీబాడీనే దాతల రక్తము నుండి తీసి, కాన్పు తర్వాత తల్లికే సూదిమందుగా ఇచ్చారు. తల్లి శరీరము మేల్కొనక ముందే అది బిడ్డ కణాలను తొలగిస్తుంది. ఇచ్చినది కొన్ని నెలల్లో తరిగిపోతుంది. 1968లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు పేరు యాంటీ-డి.

ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన రక్తంలో ఈ యాంటీబాడీ సమృద్ధిగా ఉండేది. 2018 వరకు 1,173 సార్లు దానం చేశాడు. సుమారు 24 లక్షల మంది పిల్లలకు మేలు జరిగిందని అక్కడి రెడ్‌క్రాస్ అంచనా. 2025లో ఆయన మరణించాడు.

మన దేశంలో నూటికి సుమారు ఐదుగురు నెగటివ్. కాబట్టి గర్భము నిలిచిన వెంటనే రక్తపు గ్రూపు పరీక్ష చేయించాలి. నెగటివ్ అయితే ఏడవ నెలలోను, కాన్పైన 72 గంటలలోపును, గర్భస్రావమైనా సరే, ఈ సూదిమందు గురించి డాక్టరమ్మను అడగాలి. తల్లిలో యాంటీబాడీలు ఏర్పడిన తర్వాత ఇస్తే ప్రయోజనముండదు. మన సొసైటీవారు ఇంటింటా రక్తపు గ్రూపుల పట్టీ వ్రాయించే పని ఈ సంవత్సరమే మొదలుపెట్టాలని మా మనవి. పట్టీ వ్రాసేందుకు మా ఉపాధ్యాయులము సిద్ధంగా ఉన్నాము.