పురుగులకు పట్టు బూజు

హిందూపుర ప్రాంతమున నాయొద్ద చదువుకొనిన అన్నదమ్ములిరువురు ఒకనాడు వివాదముతో నాకడకు వచ్చిరి. అన్న వంగతోట వేసియున్నాడు. తమ్ముడు ఆ గట్టున కావల మల్బరి నాటి పట్టుపురుగులను పెంచుచున్నాడు. వంగకు పట్టిన తెల్లదోమను చంపుటకై అన్న బవేరియా యను బూజుపొడిని కొనితెచ్చెను.

"విషపుమందుకంటె ఇది మేలు కదా, అయ్యవారూ?" అని అన్న. "ఆ పొడి గాలికి వచ్చి నా పురుగులమీద పడినచో నా అప్పు తీఱుట యెట్లు?" అని తమ్ముడు. ఇరువురి మాటయు నిజమే. చిక్కంతయు అచ్చటనే యున్నది.

ఈ బూజును లోకము మొదట ఎఱిగినది పట్టుపురుగు రోగముగానే. ఇటలీ దేశమున లోడీ ప్రాంతమువాడగు అగస్టీనో బస్సీ, పట్టుపురుగులు చచ్చి బిగిసి, సున్నము పూసినట్లు తెల్లనగుటకు కారణమును సుమారు 25 ఏండ్లు వెదకి, అది ఒక సూక్ష్మమైన బూజని 1835లో ప్రకటించెను. అందుచేతనే దానికి బవేరియా బాసియానా యని అతని పేరు చేరినది. పిమ్మట 1879లో, నాటి రష్యా సామ్రాజ్యములోని ఒడెస్సా ప్రాంతమున, మెచ్నికోవ్ పండితుడు గోధుమపైరును తిను పెంకుపురుగులను మఱియొక పచ్చని బూజు చంపుట కనుగొని, దానిని పైరుకు రక్షగా వాడవచ్చునని తలచెను.

పురుగు ఈ బూజును తిననక్కఱలేదు. దాని బీజము చర్మమున కంటుకొని, తేమ దొరకగానే మొలకెత్తి, చర్మమును కరగించి లోనికి చొచ్చును. కొన్ని దినములలో పురుగు చచ్చును. తేమ యున్నచో శవముపై బూజు వెలువడి క్రొత్త బీజములను వెదచల్లును. నల్లులకును ఇట్టి శత్రువులు గలవు. 1998లో కేరళమున కనబడి పిమ్మట మన కోస్తాకు వ్యాపించిన కొబ్బరినల్లి ముచ్చికక్రింద దాగియుండును. దానిని హిర్సుటెల్లా యను బూజు చంపును.

మన పెద్దలు దేశకాలపాత్రముల నెఱిగి ప్రవర్తింపుమనిరి. ఎండ బీజములను చంపును గనుక సాయంకాలము చల్లుట కాలము నెఱుగుట. పొడి గాలిలో బూజు మొలవదు గనుక తేమగల చోటు చూచుట దేశము నెఱుగుట. పాత్రము నెఱుగుటయే కష్టము. పంటపురుగనియు పట్టుపురుగనియు బూజునకు భేదము లేదు. ఆ భేదము నెఱుగవలసినవాడు మనుష్యుడు.

కావున అన్నతో నిట్లంటిని: "నాయనా, పొడి మంచిదే గాని నీ తోట దానికి తగిన చోటు గాదు. జిగురు పూసిన పసుపు అట్టలు కట్టి దోమను పట్టుము." తమ్మునితో నిట్లంటిని: "అన్న చల్లకున్నను ఈ రోగము రావచ్చును. చచ్చిన పురుగులను తెల్లబడకమునుపే ఏరి కాల్చుము. పురుగుల పడకను తడిగా నుంచకుము."

అన్న ఆ పొడిని, మల్బరి లేని దూరపుటూరిలోని బంధువున కిచ్చెను. అట్టలు కట్టునాడు తమ్ముడును వచ్చి చేయి సాయము చేసెనట.

శ్రోతలారా! మేలైన మందు కొనుటకు ముందు, గట్టున కావల ఎవరి బ్రతుకున్నదో ఒక్కమాఱు చూడుడు.