కుదిరిన లెక్క, నిజమైన లెక్క



పద్దులు వ్రాయుట నేర్చుకొనవచ్చిన విద్యార్థులకు నేను మొట్టమొదట నిచ్చు లెక్క యొకటి కలదు. దానిని నేడు మీ యెదుట నుంచుచున్నాను. మీ యింటి పిల్లలనుగూడ నడిగి చూడుడు.

ఒక వర్తకుడు 1,000 రూపాయల పెట్టుబడితో దుకాణము తెరచెను. 800 రూపాయలకు సరకు కొనెను. ఆ సరకంతయు 950 రూపాయలకు అమ్ముడుపోయెను. అందులో 650 రూపాయలు రొక్కముగా వచ్చినవి. 300 రూపాయలు అరువు. ఇతర ఖర్చులు లేవనుకొందము. అతనికి లాభమా, నష్టమా?

పెట్టెలో 850 రూపాయలే యున్నవి గనుక నష్టమని కొందరు పిల్లలు తొందరపడి చెప్పుదురు. అది సరికాదు. రావలసిన 300 రూపాయలును అతని సొత్తే. రెండును కలిపిన 1,150 అగును. కావున లాభము 150. ఇట్టి పొరపాటు రాకుండుటకే ప్రతి వ్యవహారమును రెండు చోట్ల వ్రాయు పద్ధతి యేర్పడినది. ఇటలీ దేశపు వర్తకులు వాడుచుండిన యా పద్ధతిని లూకా పచియోలీ యను గణితజ్ఞుడు 1494లో వెనిస్ నగరమున అచ్చయిన తన గ్రంథమున వివరించెను.

ఇంతటితో గణితము ముగిసినది. ఇక ధర్మము మాట. అరువు తీసికొన్నవాడు ఊరు విడిచిపోయెను. ఆ బాకీ యిక రాదని వర్తకునకు రూఢిగా తెలిసినదనుకొనుడు. అప్పుడు 150 లాభము పోయి 150 నష్టము మిగులును. అయినను అతడు ఆ మూడువందలను పద్దులో నట్లే యుంచి, తన భాగస్వామికి లాభము చూపెననుకొనుడు. కూడికలో తప్పు కనబడదు. కాని ఆ పద్దు అబద్ధము.

ఇట్టి యబద్ధము ఎంతవరకు పెరుగునో మన హైదరాబాదు నగరమందే చూచితిమి. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్స్ సంస్థ యధ్యక్షుడు తమ పద్దులలో కల్పన జరిగినదని లేఖ వ్రాసి యొప్పుకొనెను. 2008 సెప్టెంబరు 30 నాటికి రొక్కమును, బ్యాంకు నిల్వయు కలిసి 5,361 కోట్ల రూపాయలని పద్దులలో నుండగా, అందులో 5,040 కోట్లు లేనేలేవని యా లేఖ తెలిపినది. ఏటేటి పద్దులపై తనిఖీదారుల సంతకములు ఉండెను. పద్దు పద్దుతో కుదిరినది. పెట్టెతో మాత్రము కుదరలేదు. వాటాలు కొన్న సామాన్యుల సొమ్ము కొద్ది దినములలో కరిగిపోయినది. 2015 ఏప్రిలులో న్యాయస్థానము దోషులకు శిక్ష విధించినది.

ఇది పట్టణపు గొడవ, మనకేల యందురేమో. మీ యూర సహకార సంఘము కలదు, దేవాలయపు నిధి కలదు, స్త్రీల పొదుపు సంఘములు కలవు. వాని లెక్క చదువునప్పుడు పెద్దలైన మీరు మూడు పనులు చేయింపవలయును. రొక్కమును ఇద్దరి యెదుట లెక్కించుట మొదటిది. బ్యాంకు నిల్వను గుమాస్తా తెచ్చిన కాగితముతో సరిపెట్టక, బ్యాంకునే యడిగి తెలిసికొనుట రెండవది. బాకీదారులలో కొందరిని పిలిచి, ఆ బాకీ నిజమేనా యని విచారించుట మూడవది.

అడిగినచో గుమాస్తా నొచ్చుకొనునని కొందరు మొగమాటపడుదురు. తనిఖీ లేని చోట సొమ్ము తగ్గినయెడల, అపనింద మొదట పడునది నిజాయితీపరుడైన గుమాస్తా మీదనే. ఏటేట తప్పక జరుగు తనిఖీ యతనికి రక్ష. కావున అడుగుడు, అడుగుట మీ పిల్లలకును నేర్పుడు.