బిడ్డను గడప దాటించే ముందు

సోషల్ వర్క్ పట్టా అందుకున్న మీ అందరికీ అభినందనలు.

మీలో కొందరు కెనడా వెళ్తారని విన్నాను. అక్కడ బాలల సంరక్షణ శాఖలో చేరితే, మీ బల్ల మీదికి వచ్చే ఫైళ్లలో చాలా వరకు ఆదివాసీ పిల్లలవే ఉంటాయి. 2021 జనగణన ప్రకారం పదిహేనేళ్లలోపు పిల్లల్లో వాళ్లు 7.7 శాతమే. ఫోస్టర్ కేర్‌లో ఉన్నవాళ్లలో మాత్రం 53.8 శాతం. ఆ తల్లులకు ప్రేమ తక్కువై కాదు. ఇరుకు ఇళ్లు, పేదరికం, ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి ఉంచిన రెసిడెన్షియల్ బడుల పాలై అమ్మ ఒడికి దూరమైన వెనకటి తరాల గాయాలు దీనికి కారణాలు. ఫైలుకెక్కేసరికి ఇవన్నీ తల్లి తప్పులైపోతాయి.

డబ్బు లెక్క కూడా వాళ్లకు ఎదురే తిరిగింది. ఆదివాసీల రిజర్వు ప్రాంతాల్లో బిడ్డను తీసుకెళ్తే అయ్యే ఖర్చంతా కెనడా కేంద్ర ప్రభుత్వం భరించేది. ఇంట్లోనే ఉంచి ఆ కుటుంబాన్ని నిలబెట్టడానికి చాలీచాలని నిధులిచ్చేది. గిట్‌క్సాన్ జాతికి చెందిన సిండీ బ్లాక్‌స్టాక్ నేతృత్వంలోని సంస్థ, ఆదివాసీ జాతుల వేదికైన అసెంబ్లీ ఆఫ్ ఫస్ట్ నేషన్స్ కలిసి 2007లో ఫిర్యాదు చేశాయి. ఇది వివక్షేనని 2016లో కెనడా మానవ హక్కుల ట్రిబ్యునల్ తేల్చింది. తొమ్మిదేళ్లు! అప్పటికి ఎందరు పిల్లలు పెద్దవాళ్లైపోయారో.

కొందరు తమ దారి తామే వెతుక్కున్నారు. మానిటోబా రాష్ట్రం ఉత్తరాన నెల్సన్ హౌస్ అనే క్రీ జాతి ఊరుంది. అక్కడివాళ్లు ఒక సూటి ప్రశ్న వేసుకున్నారు: తాగుడు పెద్దవాళ్లదైతే ఇల్లు వదలాల్సింది పిల్లలెందుకు? అందుకని తల్లిదండ్రులనే కొన్నాళ్లు బయటికి పంపి సాయం అందిస్తారు. అమ్మమ్మో పిన్నమ్మో వచ్చి ఆ ఇంట్లో ఉంటుంది. పిల్లవాడు తన మంచం మీదే పడుకుంటాడు, తన బడికే వెళ్తాడు. నాకు తెలిసిన పరిష్కారాల్లో ఇంత న్యాయమైనది మరొకటి లేదు.

బ్రిటిష్ కొలంబియాలో స్ప్లాట్‌సిన్ అనే ఆదివాసీ జాతి ప్రజలు తమ పిల్లల సంరక్షణ కోసం 1980లోనే సొంత నిబంధన రాసుకున్నారు. ఇలా తమ పిల్లల సంరక్షణకు తామే చట్టం చేసుకునే అధికారాన్ని దేశమంతటా గుర్తిస్తూ 2019లో చట్టం వచ్చింది. 2024లో సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది.

కాబట్టి, అక్కడ ఏ బిడ్డ ఫైలు చేతికొచ్చినా ముందు మేనత్తలెవరో, తాతలెవరో అడగండి. అద్దె కట్టలేక ఇబ్బందైతే అద్దెకు సాయం చూడండి, బిడ్డను తీసుకెళ్లకండి. ఆ జాతికి సొంత చట్టం ఉందేమో కనుక్కోండి. ఉంటే, ఆ పెద్దల మాట విని వాళ్లకు తోడుగా పనిచేయండి.