బండి ఉంది, ఎక్కే మనిషి కావాలి

 

మీరిచ్చిన డబ్బుతో కొన్న అంబులెన్సు గురించి లెక్క చెప్పాలి. పగలు బాగానే తిరుగుతోంది. రాత్రి పది దాటితే మాత్రం ఆఫీసు ముందు వేపచెట్టు కింద ఆగిపోతోంది. డీజిలు లేక కాదు, డ్యూటీకి మనిషి దొరక్క. పోయిన రంజాన్‌లో సహరీ వేళ ఒక పెద్దాయనకు గుండెనొప్పి వస్తే మన డ్రైవరు ఒక్కడే వెళ్లాడు. స్టీరింగు వదిలి వెనక కూర్చోలేడు కదా. ఆక్సిజన్ మాస్కు పెట్టింది ఆయన కొడుకు, అదీ తలకిందులుగా. పెద్దాయన బతికారు, అల్‌హందులిల్లాహ్. ఆ తర్వాత రెండో బండి మాట మేము ఎత్తలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. అది తెచ్చిన అసలు మార్పు సైరను కాదు, వెనక కూర్చునే ఈఎంటీ. రక్తం ఆపడం, ఊపిరి నిలపడం, అవసరమైతే బండిలోనే కాన్పు చేయడం, ఫోనులో డాక్టరు చెప్పిన మందు ఇవ్వడం అతని పని. షిఫ్టు తరచూ 12 గంటలు, పండగ లేదు, చాలామందికి కాంట్రాక్టు కొలువు. జీతాల కోసం 108 సిబ్బంది సమ్మెకు దిగడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. పని నేర్చినవాడు గల్ఫుకు వెళ్లిపోతే తప్పు పట్టలేం. ఈ వృత్తికి కేంద్ర చట్టంలో చోటు దొరికింది 2021లో. డాక్టర్ల సంగతీ అంతే, అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక పీజీ విభాగంగా గుర్తించింది 2009లోనే. అందుకే ఆ చదువు చదివినవారు చిన్న ఊళ్లదాకా రావడం అరుదు.

కాబట్టి ఈ ఏడాది మేము బండి అడగడం లేదు. ఇంటర్ చదివి ఆగిపోయిన పేద పిల్లలకు ఈఎంటీ శిక్షణ ఫీజు, ఆ నెలల్లో ఇంటి ఖర్చుకు కొంత, తిరిగొచ్చాక నిలబడేంత జీతం కావాలి. ఆడపిల్లల్నీ పంపుదాం, కాన్పు కేసుల్లో మన ఇళ్లవాళ్లు ముందు అడిగేది అదే. బండి మీద దాత పేరు రాయించవచ్చు, జీతం మీద రాయించలేం. ఈ ఇబ్బంది మాకు తెలుసు.

జకాత్ గురించి ఉలమాను అడిగాం. అది పేదవాడి చేతికి సొంతంగా చేరాలి, బండికీ జీతానికీ వాడవద్దన్నారు. అర్హుడైన విద్యార్థికి ఇస్తే ఫీజు అతనే కట్టుకుంటాడు. జీతాలు సదఖా నుంచి. బల్ల మీద రెండు రసీదు పుస్తకాలు వేరువేరుగా ఉన్నాయి, చూసి రాయించండి.

పిల్లలు శిక్షణ ముగించి వచ్చేదాకా, రాత్రి పది తర్వాత ఎవరు ఫోను చేసినా ముందు 108కే చేయమని చెబుతున్నాం.