మొదటి ఇల్లు – లెక్కకు రాని ఖర్చులు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దలనిరి. ఒకరు కట్టిన ఇంటిని కొని చూడుమని వారు చెప్పలేదు. ఆ మాటను మా అనుభవముతో చేర్చవలయునని తోచి, నేడీ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

వేములవాడలో రాజరాజేశ్వరస్వామి గుడికి దగ్గరగా మేము చాల ఏండ్లు అద్దెయింట నుంటిమి. జాతర వచ్చినప్పుడెల్ల ఇంటివారికి గది కావలసివచ్చెడిది. మేము సామాను ఒక మూలకు సర్దుకొనెడివారము. సొంతయిల్లు కావలెనను కోరిక అట్లు పెరిగినది. తుదకు మూలవాగు వైపున ఒక పాత పెంకుటిల్లు ఇరువది లక్షలకు కుదిరినది. లక్ష రూపాయలు బయానా ఇచ్చితిమి. కొంత మా కూడబెట్టిన సొమ్ము, కొంత బ్యాంకు అప్పు. ఇరువది లక్షలు సమకూరెను గనుక ఇల్లు మనదే యనుకొంటిమి.

లెక్క అక్కడనే తప్పినది. 2021 జులై 22 నుండి తెలంగాణలో అమలునకు వచ్చిన రేట్ల ప్రకారము స్టాంపు సుంకము నూటికి 5.5, బదిలీ సుంకము 1.5, రిజిస్ట్రేషను రుసుము 0.5, వెరసి 7.5. అంతకుముందు ఈ మొత్తము నూటికి 6 మాత్రమే. ఇరువది లక్షలపై మేము కట్టవలసినది లక్షా యాభైవేలు. ఇరుపక్షములు ఒప్పుకొన్న ధర, ప్రభుత్వము నిర్ణయించిన మార్కెటు విలువ, ఈ రెంటిలో ఏది ఎక్కువైన దానిపైననే సుంకము పడును. ఇవి గాక దస్తావేజు వ్రాసినవారికి నాలుగువేలు. బ్యాంకు వకీలు పరిశీలనకును, ఇంజనీరు విలువ కట్టినందుకును, తనఖా కాగితములకును కలిసి పదునాలుగువేలు. ఇవన్నియు కొనువాని చేతి నుండియే పోవును.

ఇంత జరిగిన పిదప మా పెద్దవారు, “మన తరపున ఒక వకీలును పెట్టుకొనుడు” అనిరి. మాకు కష్టముగా తోచెను. బ్యాంకు వకీలు చూచినాడు గదా, మరల ఆరువేలు ఎందుకని వాదించితిమి. బ్యాంకు వకీలుకు రుసుము మేమిచ్చినను, ఆయన జవాబు బ్యాంకునకే గాని మాకు రాదని అప్పుడు తెలిసినది.

మా వకీలుగారు మొదట ఈసీ తీయించిరి. జనులు ఈసీ యని పిలుచు ఈ ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టులో, ఒక ఆస్తిపై రిజిస్టరైన అమ్మకములు, తనఖాలు, దానములు, భాగపంపకములు వరుసగా కనిపించును. తెలంగాణలో 1983 నుండి జరిగినవి కంప్యూటరులో దొరకును. అంతకు పూర్వపువి కావలెనన్న కార్యాలయమున దరఖాస్తు పెట్టి పాత సూచికలను చేతితో వెదకింపవలెను. మేము కొనదలచిన ఇల్లు అమ్మువారి తండ్రి 1978లో కొన్నది. ఆ వెదకుటకు, తిరుగుటకు మరి రెండువేలు. మొత్తము లక్షా డెబ్బదియారువేలు ఇంటి ధర మీద అదనముగా లెక్క తేలినది.

వెదకిన ఫలము చూడగా ఇంటిపై అప్పులేదు. మేము సంతోషించితిమి. వకీలుగారు మాత్రము కాగితము ప్రక్కన బెట్టి, “1978 దస్తావేజు తండ్రిగారి పేర నున్నది. తరువాత ఏమియు లేదు. మరి ఇల్లు ఈయనకెట్లు వచ్చినది?” అనిరి. అమ్మువారు చూపినది తన పేర నున్న ఇంటిపన్ను రసీదులు మాత్రమే. పన్ను రసీదు పన్ను కట్టినందుకు సాక్ష్యము, హక్కునకు కాదు.

తండ్రి వీలునామా వ్రాయలేదు. తల్లియు గతించినది. అమ్మువారికి ధర్మపురిలో ఒక అక్కగారు కలరు. 1956 హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేక చనిపోయిన తండ్రి స్వార్జితములో కూతురికిని కొడుకుతో సమానభాగము కలదు. అనగా మేము ఇరువది లక్షలిచ్చి కొనబోవునది సగము ఇల్లు! ఈ సంగతి ఏ ఈసీలోను కనబడదు. మరణము రిజిస్టరైన దస్తావేజు కాదు గదా. ఉన్నదానిని కాగితము చూపును. లేనిదానిని గుర్తించుటకు ప్రశ్న యడుగు మనిషి కావలెను.

అమ్మువారు నొచ్చుకొనిరి. “మా అక్కకు పెండ్లప్పుడే అన్నీ పెట్టినం, ఇంకేమున్నది?” అనిరి. బయానా పోవునేమో యని మాకు నాలుగు రాత్రులు నిద్రలేదు. తుదకు ఇరుపక్షముల పెద్దలును కలిసి ధర్మపురికి పోయితిమి. ఆమె మమ్ము కూర్చుండబెట్టి మంచినీళ్ళిచ్చి, “బాపు పోయిన కాన్నుంచి ఆ ఇంటి ముచ్చట నన్నెవ్వలడుగలే. కొనేటోళ్ళు మీరొచ్చి అడుగవడ్తిరి” అనెను. తమ్ముడు తలవంచుకొనెను. తరువాత అక్కాతమ్ములు చాలసేపు లోపల మాట్లాడుకొనిరి. ఆమె భాగమెంత ముట్టినదో అది వారి సంగతి. క్రయదస్తావేజులో ఆమెయు అమ్మకందారుగా చేరి వ్రేలిముద్ర, సంతకము చేసెను. వేరుగా హక్కు విడుదల పత్రము వ్రాయించు ఖర్చు తప్పినది.

ఇంగ్లండులో ఇల్లు కొనువారును సొలిసిటరు రుసుములను, స్థానిక సంస్థల వద్ద చేయించు వెదకులాటలను చూచి బెదరుదురు. కాని అక్కడ భూమి రిజిస్టరులోని హక్కునకు ప్రభుత్వము పూచీపడును. మనకు గల 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము దస్తావేజును నమోదు చేయును గాని హక్కునకు హామీ ఈయదు. కావున మన వెదకులాట మనమే చేసికొనవలెను. దస్తావేజులు బ్యాంకులో కుదువబెట్టిన సంగతి, రిజిస్టరు కాని పక్షమున ఈసీలో రాకపోవచ్చును. కనుక అసలు దస్తావేజును కన్నులార చూడవలెను. దేవస్థానము, వక్ఫు, ప్రభుత్వ భూములు రిజిస్ట్రేషను చట్టము 22-ఏ క్రింద నిషేధ జాబితాలో నుండును. 1977 చట్టము ప్రకారము పేదలకిచ్చిన అసైన్డు భూములను అమ్మరాదు. క్షేత్రమున్న ఊరిలో ఈ జాబితా తప్పక చూడవలెను.

ఇది మనకు కొత్త విద్య కాదు. వేములవాడ చాళుక్యరాజు మూడవ అరికేసరి 966లో ఇక్కడి జినాలయము కొరకు సోమదేవసూరికి గ్రామమిచ్చినప్పుడు, నోటిమాటతో సరిపెట్టక రాగిరేకులపై చెక్కించెను. రాజునకే అంత జాగ్రత్త యున్నప్పుడు మనకెంత యుండవలెను!

మొదటి ఇల్లు కొనువారికి మేము చెప్పగలది ఇంతే. ధరపై నూటికి పదివంతులు వేరుగా దాచుకొనుడు. బయానా ఇచ్చుటకు ముందే ఈసీ తీయించుడు. వారసులందరు సంతకము చేయనియెడల బయానా తిరిగి ఈయవలెనని ఆ కాగితములోనే వ్రాయించుకొనుడు. మేము వ్రాయించుకొనలేదు, ఆ అక్కగారి మంచితనము మమ్ము కాపాడినది. గృహప్రవేశమునాడు ఆమెయు వచ్చెను. తన తండ్రి నాటిన వేపచెట్టు క్రింద కాసేపు కూర్చుండి, భోజనము చేసి పోయెను.