ఉమ్మడి రస్తా దస్తావేజులో ఉండాలి

కర్నూలు, కడప పాతపేటల్లో అన్నదమ్ములు ఇల్లు పంచుకునేటప్పుడు గదులు, సెంట్లు జాగ్రత్తగా కొలుస్తారు. వెనకింటికి వెళ్లే సందు, బావి, నడిమిగోడ మాత్రం నోటిమాటకు వదిలేస్తారు. తగాదాలు పుట్టేది అక్కడే.

భాగపరిష్కార దస్తావేజు రాయించేటప్పుడు రస్తా ఎన్ని అడుగుల వెడల్పు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎవరెవరికి హక్కు అన్నది షెడ్యూలులో విడిగా రాయించండి. బోరు ఉమ్మడిదైతే మోటారు కరెంటు బిల్లు, రిపేరు ఖర్చు ఎవరి వంతో కూడా రాయాలి. ఈ కరువు సీమలో నీళ్ల హక్కు స్థలం హక్కుకు తీసిపోయేది కాదు. ప్లాను జతచేసి, వాటాదారులందరూ సంతకాలు పెట్టి రిజిస్టరు చేయించుకోవాలి. హిందూ ఉమ్మడి ఆస్తయితే ఆడబిడ్డలనూ తప్పక పిలవాలి. పెళ్లికాని కూతుళ్లకు మన రాష్ట్రం 1985 నుంచే సమాన హక్కు ఇచ్చింది, 2005 సవరణతో పెళ్లయినవాళ్లకూ అది వర్తించింది.

దారి సంగతి రాయనే లేదా? పంపకాల్లో వేరే దారి లేకుండా పోయిన భాగానికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, 13వ సెక్షను పక్కభాగంలోంచి దారి ఇప్పిస్తుంది. 1893 పార్టిషన్ చట్టం ఇంకో రక్షణ. కుటుంబం ఉంటున్న ఇంట్లో ఒకరి వాటాను బయటివాళ్లు కొని విభజన దావా వేస్తే, కోర్టు కట్టిన ధరకు ఆ వాటాను ఇంటివాళ్లే కొనుక్కోవచ్చు.

ఉమ్మడి దారి జాగ్రత్త పాత ఇళ్లకే కాదు, కొత్త లేఅవుట్‌లో ప్లాటు కొనేవారు కూడా రోడ్లు, పార్కు స్థలం పంచాయతీకో మునిసిపాలిటీకో రిజిస్టరయ్యాయో లేదో ముందే అడిగి, ఆ కాగితం కళ్లారా చూడండి.